పట్టీలక్క కప్పిన మాటలు

ఆమెకు పేరు లేక కాదు. హాజరు పుస్తకంలో ఉంది, జీతం కాగితం మీద ఉంది, గది తలుపుకు కొట్టిన చిన్న రేకు మీద కూడా ఉండేది, మేకు ఊడి అది కింద పడిపోయేవరకు. కానీ ఆ స్కూల్లో ప్రిన్సిపల్ దగ్గర నుంచి గేటు వాచ్‌మన్ వరకు అందరూ ఆమెను పట్టీలక్క అనే అంటారు. మొదట్లో వెనకాల అనేవారు. తొమ్మిదేళ్ళు గడిచేసరికి ఎదురుగానే అంటున్నారు. ఆమె కూడా ఫోనెత్తి, "ఆ, పట్టీలక్కనే, చెప్పండి" అంటుంది.

ఉద్యోగం అడ్మిషన్ల విభాగంలో సీనియర్ గుమాస్తా. వయసు యాభై ఆరు. గది మొదటి అంతస్తు చివర, మెట్ల పక్కన. రెండు ఇనప బీరువాలు, ఒక జిరాక్స్ మెషిను, ఒక కిటికీ. ఆ మెషిను వేడికి ఆ గదిలో ఇంకెవరూ కూర్చోరు కాబట్టి అది ఆమె సొంత గది అయింది.

తొమ్మిదేళ్ళ కిందట స్కూలు యాజమాన్యం ఒక తీర్మానం చేసి, గేటు దగ్గర నీలం రేకు మీద తెల్ల అక్షరాలతో రాయించింది: కుటుంబ ఆర్థిక స్థితితో నిమిత్తం లేకుండా, ప్రతిభను బట్టి మాత్రమే ప్రవేశం. అది పిల్లలు అక్కడే ఉండి చదువుకునే ప్రైవేటు స్కూలు. ఫీజు మాట వింటే మామూలు మనిషి గేటు ముందు నుంచే వెనక్కి తిరిగేవాడు. ఇక మీదట అలా తిరగక్కర్లేదు, ఎంపికైన పిల్లలు కట్టలేకపోతే స్కూలు నిధే కడుతుంది అన్నారు. అందుకని ఎంపిక చేసే కమిటీకి ఎవరు కట్టగలరో ఎవరు కట్టలేరో తెలియకూడదు. వాళ్ళకు తెలియకుండా ఉండాలంటే ముందు ఎవరో ఒకరికి తెలియాలి. ఆ ఒకరు పట్టీలక్క.

పని ఇది. దరఖాస్తులో పసుపు రంగు కాగితం ఒకటి ఉంటుంది, ఆదాయం వివరాలది. దాన్ని విడదీసి కవర్లో పెట్టి, లక్క ముద్ర వేసి, బీరువాలో పెట్టాలి. మిగతాది, అంటే మార్కులు, టీచరు ఉత్తరం, పిల్లలు తమ చేత్తో రాసిన వ్యాసం, అన్నీ మొదటి నుంచి చివరి దాకా చదవాలి. తీర్మానంలో ఉన్న మాట ప్రకారం "కుటుంబ ఆర్థిక స్థితిని సూచించే ఏ మాటనైనా" కప్పేయాలి. ఇంకుతో కొట్టేస్తే వెలుతురుకు పట్టి చదివేస్తారని మొదటి ఏడాదే తేలింది. అందుకని ఆమె నల్లకాగితాన్ని వాక్యం పొడవున సన్నటి పట్టీలుగా కోసి, జిగురుతో అంటించి, దాన్ని జిరాక్స్ తీస్తుంది. పేరు బదులు నంబరు. కమిటీ చదివేది ఆ జిరాక్స్ కాపీనే.

ఏటా జనవరి వచ్చేసరికి ఆమె వేళ్ళ చివర్లు జిగురుతో గట్టిపడి, పాత ఉల్లిపాయ పొరల్లా ఊడేవి. అయినా ఆ పని ఆమెకు ఇష్టం. దానికి కారణం ఉంది. తీర్మానం రాకముందు తన కూతురికి అదే స్కూల్లో సీటు అడిగింది. అప్పటి దరఖాస్తులో మొదటి గడి పిల్ల పేరు, రెండో గడి తండ్రి ఆదాయం. మూడో గడి దాకా ఎవరూ వెళ్ళినట్టు లేరు. కూతురు వేరే చోట చదివి, వేరే ఊళ్ళో నర్సుగా స్థిరపడింది. ఆ పిల్లకు ఏ లోటూ జరగలేదు. కానీ ఆ రెండో గడి ఆమెకు గుర్తుండిపోయింది.

కిటికీ కింద లాండ్రీ. నాలుగు వందల మంది పిల్లల దుప్పట్లు, దిండు గలీబులు అక్కడ ఉతుకుతారు. ఆరు తాళ్ళ మీద ఆరేస్తారు. అక్కడ పనిచేసే ఆమెను పట్టీలక్క చెల్లీ అంటుంది, ఆమె అక్కా అంటుంది. వరస కలిపింది సాయంత్రం నాలుగింటికి తాగే టీ. చెల్లెలి భర్త లారీ తోలుతూ నెలకోసారి కనబడతాడు. వాళ్ళకు ఒక్కతే కూతురు, పదకొండేళ్ళది. ఊళ్ళో మామూలు బడిలో చదువుతుంది. బడి వదలగానే నేరుగా లాండ్రీకి వచ్చి, సంచి కొక్కేనికి తగిలించి, దుప్పటి అవతలి కొస పట్టుకుంటుంది.

"పిల్లని ఇక్కడ చేర్పించు చెల్లీ," అంది పట్టీలక్క, దరఖాస్తు కాగితాలు ఇస్తూ.

"ఇక్కడంటే?"

"ఇక్కడే. ఈ స్కూల్లో."

చెల్లెలు టీ గ్లాసు కింద పెట్టి మరీ నవ్వింది. "ఏంటక్కా, ఈ పూట నేనే దొరికానా? వీళ్ళ దుప్పట్లు ఉతికేదాన్ని. వీళ్ళ మంచం మీద నా పిల్లని పడుకోనిస్తారా?"

"గేటు దగ్గర బోర్డు చదవలేదా?"

"ఏడేళ్ళ నుంచి రోజూ చదువుతున్నా. అది చదవడానికి పెట్టిన బోర్డు కాదా? నమ్మడానికి కూడానా?"

"నా చేతుల మీదుగా జరిగే పనే. నేను చెప్తున్నా కదా."

ఆ మాట అన్నందుకు తర్వాత ఆమె చాలాసార్లు తిట్టుకుంది. స్కూల్లో చేరేది ఆరో తరగతిలోనే. వచ్చే ఏడాదికి పిల్లకు వయసు దాటిపోతుంది. అంటే ఉన్నది ఒక్క అవకాశం. తల్లి రెండు రోజులు ఆలోచించి, మూడో రోజు కాగితాలు ఉతికిన గలీబులో చుట్టి పైకి పంపింది, మరక పడకుండా.

తెలిసినవాళ్ళ దరఖాస్తు వస్తే వేరే గుమాస్తాకు ఇవ్వాలని నియమం ఉంది. వేరే గుమాస్తా లేడు.

ఆ ఏడాది వ్యాసం "నాకు బాగా వచ్చిన పని". పిల్ల దుప్పటి మడతపెట్టడం గురించి రాసింది. గుండ్రటి చేతిరాత, నలభై రెండు వాక్యాలు. "దుప్పటి మడతపెట్టడానికి ఇద్దరు కావాలి. అవతలి వాళ్ళు ఎప్పుడు ముందుకు నడుస్తారో చెప్పకుండానే తెలియాలి. మా అమ్మ ఎడమ భుజం దించితే నేను నడవాలి. రోజుకు నూట ఎనభై మడతపెడతాం. అన్నీ ఒకే కొలత, అయినా ఏ రెండూ ఒకలాగా మడత పడవు. తడి దుప్పటి పొడి దుప్పటికి ఎన్ని రెట్లు బరువో నేను బియ్యం తక్కెడలో తూచి చూశాను. వంటగది గోడ పక్కన తాడు మీద వేసినవి అన్నిటికంటే ముందు ఆరతాయి. గోడ వెచ్చగా ఉంటుందని అమ్మ అంది. నేను గోడకు చెయ్యి ఆనించి చూశాను, మధ్యాహ్నం తర్వాతే వెచ్చగా ఉంది. కాబట్టి పొద్దున ఆ తాడు మీద వేసి లాభం లేదు."

పట్టీలక్క చదివి, ఎప్పటిలాగే కత్తెర తీసుకుంది. ఎప్పటిలాగే వాక్యానికో పట్టీ. అమ్మ పని, కప్పాలి. నూట ఎనభై దుప్పట్లు ఏ ఇంట్లో ఉంటాయి, కప్పాలి. తాడు, గోడ, తక్కెడ, అన్నీ కప్పాలి. పని అయ్యాక లెక్కపెడితే ముప్పై ఒక్క పట్టీలు. మిగిలిన పదకొండు వాక్యాలూ ఒకదాని పక్కన ఒకటి పెడితే ఏ అర్థమూ రాలేదు. "అవతలి వాళ్ళు ఎప్పుడు ముందుకు నడుస్తారో చెప్పకుండానే తెలియాలి" అని ఒక చోట ఉంది. ఎవరు, ఎందుకు నడుస్తారో నల్లకాగితం కింద ఉంది.

దొంతరలో తర్వాతి వ్యాసం పియానో గురించి. దానికి రెండు పట్టీలు పడ్డాయి. తండ్రి కంపెనీ పేరుకు ఒకటి, వీధి పేరుకు ఒకటి. మిగతాదంతా తెల్లగా, హాయిగా చదువుకునేలా ఉంది.

రెండు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టి కాసేపు చూసింది. ఏ పిల్ల ఇంట్లో డబ్బుందో, ఏ పిల్ల ఇంట్లో లేదో చదవనక్కర్లేదు. ఆ గుమ్మం దగ్గర నిలబడి చూసినా తెలిసిపోతుంది.

అప్పుడు లేచి రెండో బీరువా తెరిచింది. పాత కాపీలు పారెయ్యకూడదని నియమం. తొమ్మిదేళ్ళవీ ఉన్నాయి. ఎంపికైనవి ఒక పక్క, కానివి ఒక పక్క పేర్చింది. మొదటి ఏడాది ఎంపికైన వాటిలో బాగా నల్లబడ్డవి పదకొండు. రెండో ఏడాది తొమ్మిది. ఆ తర్వాత ఏడు, ఏడు, ఆరు, ఏడు, ఏడు, ఏడు, ఏడు. నిధి కూడా ఏడుగురికే. మూడో ఏడాది నుంచి ప్రతి సభలో ట్రెజరర్ లేచి, సాయం కావలసిన పిల్లల సంఖ్య, నిధి కొలిచి కుట్టినట్టు సరిపోయాయని చెప్పడం, అందరూ చప్పట్లు కొట్టడం ఆమెకు గుర్తుంది. ఆమె కూడా కొట్టింది.

ఎంపిక కాని కట్టలో మంచి మార్కులున్న నల్ల కాపీలు చాలా ఉన్నాయి. వాటి కుడి మూల పైన పెన్సిల్‌తో చిన్న చుక్క ఉంది. తెల్లటి వాటి మీద లేదు. ఆ చుక్క ఎవరిదో ఆమెకు తెలుసు. కమిటీలో ట్రెజరర్ ఏ ఫైలైనా చదవబోయే ముందు బొటనవేలితో అంచులు జర్రున దొర్లించి, కొన్నిటి మీద చుక్క పెట్టేవాడు. పక్కన కూర్చుని కమిటీ నిర్ణయాలు రాసుకునే ఆమె, అది ఆయన అలవాటు కాబోలు అనుకునేది. కొందరికి చెవి గోక్కునే అలవాటు ఉంటుంది, ఈయనకు ఇదీ అనుకునేది.

తొమ్మిదేళ్ళు ఆమె వేళ్ళు అరగదీసుకుని దాచింది. దాచినదంతా ఆయన బొటనవేలికి కనబడుతూనే ఉంది.

ఇంటికి వెళ్ళి భర్తతో చెప్పింది, ఎవరి పిల్లో చెప్పకుండా. ఆయన నీళ్ళ మీటర్లు చదివే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఊళ్ళో ప్రతి ఇంటి వెనక గోడ చూసిన మనిషి.

"ఒకమ్మాయి పియానో గురించి రాసింది. కంపెనీ పేరు, వీధి పేరు తప్ప అందులో కప్పడానికి నాకేం దొరకలేదు," అంది.

"పియానోనా? ఎంతుంటుంది అది?"

"ధర నాకేం తెలుసు?"

"ధర ఎవడడిగాడే. పొడుగు." ఆయన కుర్చీలోంచి గది చుట్టూ చూశాడు. మంచం, బట్టల బీరువా, కుట్టుమిషను, మంచం కింద ట్రంకుపెట్టె. "ఇక్కడ పెట్టాలంటే ముందు నిన్ను బయట పెట్టాలి."

"నన్నెందుకు, నిన్ను పెడితే చాలు. జాగా ఎక్కువొస్తుంది," అని నవ్వింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"ఏమైంది? నిజంగానే పెట్టేస్తావా?"

"పియానో అంటే గోడ," అంది ఆమె. "ఖాళీగా ఉన్న గోడ."

లేమి కనబడిన ప్రతిచోటా ఆమె చెయ్యి కత్తెర మీదకు పోయింది. కలిమి కనబడితే అది మామూలు సంగతిలా దాటిపోయింది. "నా గది కిటికీలోంచి" అని పిల్లలు రాస్తే, అది ఒక పిల్లకు సొంత గది ఉందని చెప్పే వాక్యం అని తొమ్మిదేళ్ళలో ఒక్కసారీ తోచలేదు. తీర్మానంలో ఉన్నది "సూచించే ఏ మాటనైనా" అని. పేదరికాన్ని సూచించే మాటలని లేదు. అంటే ఇన్నేళ్ళూ ఆమె తన పని సగమే చేసింది.

మర్నాడు స్టోర్స్‌కు వెళ్ళి నల్లకాగితం పన్నెండు షీట్లు కావాలంది.

"ఏటా మూడే కదక్కా తీసుకెళ్ళేది," అన్నాడు స్టోర్ కీపర్. "పన్నెండా? నల్లజెండాలు కడుతున్నారా ఏంటి? సమ్మె ఉంటే ముందే చెప్పండి, నేనూ సెలవు పెట్టుకుంటా."

"నువ్వు పనిచేస్తున్నావని ఎవరికైనా తెలిస్తే కదా, సెలవు పెట్టావని తెలియడానికి. ఇటివ్వు."

నూట పద్దెనిమిది దరఖాస్తులు. అంటించిన పట్టీలన్నీ తడి గుడ్డతో నానబెట్టి ఊడదీసింది. ఈసారి వాక్యం పొడవున కాకుండా మాట పొడవున కోసింది, గోరంత ముక్కలు. "మా డ్రైవర్ అంకుల్"లో డ్రైవర్ మాట కప్పింది. "సెలవుల్లో మంచు చూడ్డానికి వెళ్ళాం"లో మంచు కప్పింది. "టీచర్ ఇంటికొచ్చి నేర్పుతుంది" అన్నచోట ఇల్లు కప్పింది. పియానో వ్యాసంలో పియానో అన్న మాట పందొమ్మిది సార్లు వచ్చింది. పందొమ్మిదీ కప్పింది. వేళ్ళు ఎక్కడ పెట్టాలో, తప్పు స్వరం పడితే ఒళ్ళు ఎలా జలదరిస్తుందో ఆ పిల్ల బాగా రాసింది. అదంతా మిగిలింది. దుప్పట్ల వ్యాసంలో "నూట ఎనభై", "తాడు", "వంటగది" లాంటివి పోయాయి. భుజం దించడం, తూచి చూడడం, గోడకు చెయ్యి ఆనించడం మిగిలాయి.

పన్నెండు రోజులు పట్టింది. మెడ తిప్పడానికి లేకుండా పట్టేసింది. చివరి రోజు కాపీలన్నీ పేర్చి, తనే బొటనవేలితో దొర్లించి చూసింది. ఏ కట్ట చూసినా ఒకటే నలుపు.

కమిటీలో ఐదుగురు. ట్రెజరర్ మొదటి ఫైలు తీసి అంచులు దొర్లించాడు. పెన్సిల్ గాల్లో ఆగింది. ఇంకోటి తీశాడు. దాన్ని రెండుసార్లు దొర్లించాడు.

"పట్టీలక్కా, ఈసారి చెయ్యి బాగా తిరిగినట్టుందే."

"నియమం ప్రకారమే సార్. సూచించే ఏ మాటనైనా అని ఉంది కదా."

ఆయన ఆమెను ఒక క్షణం చూసి, పెన్సిల్ బల్ల మీద పెట్టి, కళ్ళజోడు తీసుకున్నాడు. ఇన్నేళ్ళూ ఒక్క మధ్యాహ్నంలో అయిపోయే పని మూడు రోజులు సాగింది. చదవక తప్పలేదు మరి. రెండో రోజు సైన్సు మాస్టారు ఉన్నట్టుండి నవ్వాడు.

"నూట నాలుగో నంబరు చూడండి. అమ్మ చెప్పింది కదా అని ఊరుకోలేదండీ. గోడకు చెయ్యి పెట్టి చూసి, మధ్యాహ్నం దాకా వెచ్చబడదని రాసింది. రాశాడో. ఏ గోడో, ఏం ఆరుతోందో నాకు తెలియదు గానీ, నా తొమ్మిదో తరగతి వాళ్ళు ఇలా ఒక్కరూ రాయరు."

పట్టీలక్క తలెత్తకుండా రాసుకుంది. నూట నాలుగుకు ఇరవై నాలుగు సీట్లలో పదకొండో స్థానం వచ్చింది.

తర్వాత కవర్లు తెరిచారు. ఎంపికైన ఇరవై నలుగురి పసుపు కాగితాలూ ప్రిన్సిపల్ ఒక్కొక్కటే చదివింది. ఆమె ఉద్యోగంలో చేరి మూడేళ్ళయింది. బోర్డు మీద నమ్మకంతోనే ఈ స్కూలుకు వచ్చానని అందరితో చెప్పేది.

"సాయం కావలసినవాళ్ళు పదిహేను మంది," అంది.

"నిధి ఏడుగురికే," అన్నాడు ట్రెజరర్.

"కిందటేడు సరిగ్గా ఏడుగురే ఎలా వచ్చారు?"

సైన్సు మాస్టారు కిటికీ వైపు చూశాడు. ట్రెజరర్ పెన్సిల్ జేబులో పెట్టుకున్నాడు. ప్రిన్సిపల్ మళ్ళీ అడగలేదు. అడిగితే జవాబు వినాల్సి వస్తుంది కదా.

ఆ సాయంత్రం ట్రెజరర్ మెట్లెక్కి పట్టీలక్క గదికి వచ్చాడు. అంతకుముందు ఎప్పుడూ రాలేదు. జిరాక్స్ మెషిను వేడికి కాలర్ వదులు చేసుకున్నాడు.

"చుక్క పెట్టడం నాకు సరదా అనుకున్నారా?"

"నేనేం అనుకోలేదు సార్. ఎందుకో నాకు తోచలేదు, అంతే."

"పదిహేను మందిని తీసుకుంటే వచ్చే ఏడాది ఇంకో పదిహేను. మూడేళ్ళకి నలభై ఐదు. అప్పుడు ఏ హాస్టల్ బ్లాకుకి తాళం వెయ్యమంటారో, ఏ మాస్టార్ని ఇంటికి పంపమంటారో అది కూడా మీరే చెప్పండి. కట్టేవాళ్ళు ఉంటేనే కదక్కా కట్టలేనివాళ్ళు చదివేది."

"అయితే ఏడుగురికే అని ముందే రాయొచ్చు కదా."

"రాస్తే నిధికి డబ్బులిచ్చేవాళ్ళు ఇస్తారా? వాళ్ళు ఆ బోర్డు పక్కన నిలబడి ఫోటో తీయించుకునే ఇచ్చేది. బోర్డు తీస్తే ఏడుగురు కూడా ఉండరు." ఆయన గొంతు తగ్గించాడు. "నేను చెడ్డవాణ్ణి కాదక్కా. చెడ్డ సంగతి ముందు తెలిసేది నాకు. మీరు పట్టీలు వెయ్యడం, నేను చుక్కలు పెట్టడం. ఇద్దరం కలిసే ఇన్నాళ్ళు నడిపాం."

ఆయన అబద్ధం చెప్తున్నాడనిపిస్తే కాస్త తేలికపడేది. అలా అనిపించలేదు.

నిర్ణయం రెండు రోజుల్లో వచ్చింది. పదిహేను మందిలో స్థానం ప్రకారం మొదటి ఏడుగురికి సాయం. మిగతా ఎనిమిది మందికి సీటు ఉంది, సాయం లేదు. ఎవరినీ కాదనలేదు కాబట్టి బోర్డు బోర్డులాగే ఉంటుంది. ఉత్తరంతో పాటు ఒక చీటీ. అందులో రెండు గడులు: "పూర్తి రుసుము చెల్లించి సీటు స్వీకరిస్తున్నాము", "సీటు వద్దనుకుంటున్నాము". ఒకదానిలో టిక్కు పెట్టి పదిహేను రోజుల్లో పంపాలి. ఉత్తరాలన్నీ టైపు చేసింది పట్టీలక్కే. సాయం కావలసినవాళ్ళ వరసలో లాండ్రీ పిల్లది తొమ్మిదో పేరు.

టపాలో వేస్తే ఎలాగూ కిందికే వస్తుంది. తనే తీసుకెళ్ళింది. చెల్లెలు ఒక్కతే ఉంది, పెద్ద దుప్పటి ఒకటి విదిలిస్తోంది. ఉత్తరం ఎప్రాన్ జేబులో పెట్టుకుని, "చేతులు తడిగా ఉన్నాయి, నువ్వే చెప్పక్కా," అంది. దుప్పటి రెండో కొస గాల్లో వేలాడుతుంటే పట్టీలక్క పట్టుకుంది.

"సీటు వచ్చింది."

చెల్లెలి ఎడమ భుజం దిగింది. పట్టీలక్క అడుగు ముందుకు వెయ్యడం మరిచిపోయింది.

"నూట పద్దెనిమిది మందిలో పదకొండోది. సైన్సు మాస్టారు చదివి నవ్వాడు, మెచ్చుకుని."

"అయితే నీ మొహం అలా ఉందేంటి?"

చెప్పింది. నిధి, ఏడుగురు, తొమ్మిదో పేరు, రెండు గడులు. చెల్లెలు విన్నంతసేపూ దుప్పటి మడత పెడుతూనే ఉంది. ఒంటరిగా, గడ్డం కింద అదిమిపెట్టి.

"అంటే వచ్చినట్టా, రానట్టా?"

"వచ్చింది చెల్లీ. కానీ..."

"ఆ కానీ గేటు దగ్గర లేదేం?"

అప్పుడే పిల్ల వచ్చి సంచి కొక్కేనికి తగిలించింది. తల్లి రెండు ముక్కల్లో చెప్పేసింది, దాచలేదు. పిల్ల ఏడవలేదు. కాసేపు చెప్పు కొసతో నేల గీకింది. తర్వాత, "నేను రాసింది వాళ్ళు చదివారా పెద్దమ్మా?" అని అడిగింది.

చూపిస్తానని పట్టీలక్క పైకి తీసుకెళ్ళింది. జిరాక్స్ కాపీ చేతికిచ్చింది. పిల్ల నల్ల ముక్కల మీద వేలు పెట్టి, ఒక్కో దాని కింద ఏముండేదో గొణుక్కుంటూ చదివింది. ఒక్కటీ మరిచిపోలేదు.

"ఇవి ఎవరు అంటించారు?"

"నేనే."

"ఎందుకు?"

"అమ్మ ఏం పని చేస్తుందో వాళ్ళకు తెలియకూడదని."

"తెలిస్తే ఏమవుతుంది?"

ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆమెను ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు. "తెలిస్తే ఇవ్వరేమోనని," అంది.

"ఇప్పుడు తెలిసింది కదా. ఇవ్వలేదు కదా." పిల్ల కాపీ తిరిగి ఇచ్చేసింది. "నాది నాకిచ్చెయ్ పెద్దమ్మా. పట్టీలు లేనిది. తాళ్ళ సంగతి బాగా రాశాను అందులో."

అసలు కాగితం ఇవ్వకూడదని నియమం. పట్టీలక్క తడిగుడ్డ తీసుకుని ఒక్కో ముక్కా ఊడదీసి ఇచ్చింది. అక్కడక్కడా సిరా కాస్త అలుక్కుపోయింది.

గడువులోపు చీటీలు వచ్చాయి. ఆరు కుటుంబాలు రెండో గడిలో టిక్కు పెట్టాయి. ఒక కుటుంబం ఎలా తెచ్చిందో గానీ మొదటి గడిలో పెట్టింది. మిగిలింది లాండ్రీ చీటీ. పద్నాలుగో రోజు చెల్లెలే పైకి వచ్చి బల్ల మీద పెట్టింది. రెండు గడులూ ఖాళీ.

"టిక్కు పెట్టలేదు చెల్లీ."

"పెట్టను. కట్టలేను కాబట్టి మొదటిది పెట్టలేను. రెండోది వద్దనుకుంటున్నాము అని ఉంది. నేను వద్దనలేదు కదక్కా. నా పిల్ల వద్దనలేదు. వద్దన్నది ఎవరో వాళ్ళనే రాసి పంపమను."

"ఊరికే కాగితం కదే."

"నీకు కాగితం. రేపు ఎవరైనా అడిగితే, సీటిచ్చాం, లాండ్రీ ఆవిడే వద్దంది అంటారు. అంటారా అనరా?"

అంటారు. ఆరు చీటీలు ఆ సంగతి చెప్పడానికే బీరువాలో ఉన్నాయి.

గడువు దాటాక పట్టీలక్క రిజిస్టరు తెరిచింది. చివరి గడి "సీటు ఖాళీ అయిన కారణం". తొమ్మిదేళ్ళుగా ఆ గడిలో ఆమె రాసింది ఒకటే: "తల్లిదండ్రుల కోరికపై". ఈసారి "సాయం నిరాకరించినందున" అని రాసి, సంతకానికి ప్రిన్సిపల్ గదికి తీసుకెళ్ళింది. చీటీ కూడా పక్కన పెట్టింది.

ప్రిన్సిపల్ చీటీని అటూ ఇటూ తిప్పింది. "వేరేలా రాయలేమా? ఈ మాట రిజిస్టర్లో ఉంటే... గేటు దగ్గర అది ఉండగా..."

"మీరు చెప్పండి మేడం, ఏం రాయమంటారో రాస్తాను."

ప్రిన్సిపల్ రిజిస్టర్లో పాత పేజీలు వెనక్కి తిప్పింది. పట్టీలక్క నిలబడే ఉంది. ఆ నెలలో ఆమెకు మోకాళ్ళ నొప్పి కూడా మొదలయింది. చివరకు ప్రిన్సిపల్ సంతకం పెట్టింది, రిజిస్టరు మూసింది.

"ఆ బోర్డు రాసే అతను ఇంకా ఉన్నాడా?" అంది.

పెయింటర్ రెండు వారాలకు వచ్చాడు. యాజమాన్యం ఒప్పుకున్నది ఒక్క మాట చేర్చడానికి: "వీలైనంతవరకు". నిచ్చెన వేసుకుని, బ్రష్షు నోట్లో పట్టుకుని, బోర్డు ముందు నిలబడ్డాడు. ట్రెజరర్ వచ్చి చూశాడు. లాండ్రీ చెల్లెలు ఇస్త్రీ చేసిన కర్టెన్ల మూటతో పోతూ ఆగింది. పిల్ల వెనకాల ఉంది. ఊళ్ళో బడిలోనే ఆరో తరగతిలో చేరింది, వీపు మీద కొత్త పుస్తకాల బరువు.

"ఎక్కడ పెట్టమంటారు?" అన్నాడు పెయింటర్.

"చివర్లో, చిన్నగా," అన్నాడు ట్రెజరర్.

"చివర్లో వద్దు. మొదట్లో పెట్టు," అంది పట్టీలక్క. "చదివేవాళ్ళకి మొదలే తెలియాలి."

ఆమె అలా గట్టిగా మాట్లాడడం ట్రెజరర్ ఎప్పుడూ వినలేదు. కాదనలేదు. పెయింటర్ పైకి చూసి తల గోక్కున్నాడు.

"మొదట్లో చోటు లేదమ్మా. స్కూలు పేరుంది."

"అయితే పేరు కాస్త చెరుపు," అంది చెల్లెలు, మూట ఈ చెయ్యి నుంచి ఆ చెయ్యికి మార్చుకుంటూ.

పెయింటర్ నవ్వాడు. ట్రెజరర్ కూడా, తప్పక. ఆ మాట చివరకు చివర్లోనే పడింది, ఉన్న చోటుకు సరిపోయేట్టు అక్షరాలు ఇరుకిరుకుగా. రంగు ఆరేదాకా చూసేంత తీరిక ఎవరికీ లేదు. తల్లీకూతుళ్ళు మూటతో లోపలికి పోయారు. పట్టీలక్క మెట్లెక్కి, మెషిను స్విచ్చి వేసి, అది వేడెక్కేదాకా కుర్చీలో కూర్చుంది. వచ్చే ఏడాదికి నల్లకాగితం ఇంకా రెండు షీట్లు మిగిలి ఉన్నాయి.